కార్టూన్ పాత్రతో మాట్లాడే నటుడు గాల్లోకి చూస్తున్నట్టు ఎందుకుంటుంది?

పాత కార్టూన్‌ని నిజమైన నటులతో కుటుంబ హాస్యచిత్రంగా తీసినప్పుడు ముందుగా దొరికిపోయేది చూపే. దగ్గరి వస్తువును చూస్తే రెండు కనుపాపలూ ముక్కు వైపు జరుగుతాయి. ఎదురుగా ఏమీ లేకపోతే చూపు వెనక గోడ మీదికి పోతుంది, పిల్లలు కూడా పసిగట్టేస్తారు. అందుకే, తర్వాత గీసి కలిపే పాత్ర ఎత్తు షూటింగ్‌కి ముందే ఖాయం చేసుకోవాలి. 1988 నాటి ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’ సినిమాలో కార్టూన్ కుందేలుకి బదులు రబ్బరు కుందేలు బొమ్మతో రిహార్సల్ చేసి, టేక్‌లో దాన్ని తీసేశారు. కుందేలు పట్టుకునే వస్తువుల్ని యంత్రాలతో, తీగలతో కదిలించారు. ఇప్పటికీ ఇంతకన్నా మంచి దారి లేదు.

ఇప్పుడైతే ప్రతి షాట్‌కీ బొమ్మతో ఒక టేక్, బొమ్మ లేకుండా ఒకటి, నటుడు కూడా లేని ఖాళీ సెట్ ఒకటి తీసుకోవాలి. చివర్లో అదే చోట బూడిదరంగు బంతి, అద్దంలా మెరిసే బంతి పెట్టి కొన్ని సెకన్లు తీయాలి. ఆలస్యమైందని బంతులు వదిలేస్తే వెలుగు ఎటునుంచి, ఎంత గట్టిగా పడిందో యానిమేటర్ ఊహించుకోవాల్సిందే. అప్పుడు పాత్ర అతికించిన స్టిక్కర్‌లా తేలుతుంది.

బరువూ అంతే ముఖ్యం. పాత్ర సోఫా మీద కూర్చుంటే దిండు కుంగాలి. ఆ కుంగుడు సెట్‌లోనే కింద నుంచి తీగతో లాగితే నమ్మకంగా వస్తుంది.