పాట వింటే కలిగేది జ్ఞాపకమా, తలపా?

సందేహం: మా చిన్నప్పుడు అంబాజీపేట దగ్గర మా ఊళ్లో పెళ్లంటే మైకు సెట్టు ఉండాల్సిందే. అందులో ‘మల్లీశ్వరి’లోని ‘మనసున మల్లెల’ పాట వేస్తే అమ్మ చేతిలో గరిటెతోనే అరుగు మీదికి వచ్చి నిలబడేది. ఆ సంగతి మా అక్కయ్యకు రాస్తూ ‘ఈ పాట వింటే ఆ జ్ఞాపకాలన్నీ గుర్తుకొస్తాయి’ అన్నాను. రెండు మాటలూ ఒకటేగా, అలా రాయకూడదని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: మీ అబ్బాయి అన్నదాంట్లో న్యాయం ఉంది. అయితే జ్ఞాపకం సంగతి అంతటితో తేలదు. సంస్కృతంలో ‘జ్ఞా’ ధాతువుకు ప్రేరణార్థకం ‘జ్ఞాపయతి’, అంటే తెలియజేస్తున్నది. అలా తెలియజేసేదే జ్ఞాపకం. మనసులో మెదిలేదానికి అక్కడ స్మృతి, స్మరణ అని వేరే మాటలున్నాయి. ఈ లెక్కన మీ ఉత్తరంలో అసలు జ్ఞాపకం ఆ పాటే. అది విన్నాక మీలో కదిలింది తలపు.

వలచు నుంచి వలపు పుట్టినట్టే తలచు నుంచి తలపు. అన్నం తింటున్న పిల్లవాడికి పొలమారితే తల్లి మాడు మీద తడుతూ ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటుందే గానీ ‘జ్ఞాపకం చేసుకుంటున్నారు’ అనదు. అనుకుంటున్న మనిషే గుమ్మంలోకి వస్తే ‘నీకు నూరేళ్లు, ఇప్పుడే తలుచుకున్నాం’ అంటాం. ఇలా నోట నిక్షేపంగా ఉన్న మాట, కలం పట్టేసరికి ఎందుకు జారిపోతోందో! ఇప్పటి పిల్లలకైతే అన్నీ ‘మెమొరీసే’.

మీరు చెప్పిన పాటనే చూడండి. దాన్ని రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టిన మన గోదావరి సీమ కవి. 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’తోనే ఆయన సినిమా పాటకు వచ్చారు. సాలూరు రాజేశ్వరరావు గారి బాణీ, భానుమతి గారి గొంతు. చరణంలో కొమ్మల మీద గువ్వల గుసగుస, రెమ్మల్లో గాలి, కొలనులో అలల గలగల, ఆపైన ‘దవ్వుల వేణువు సవ్వడి’. ఏ చప్పుడైనా ప్రియుడు వచ్చాడనే చెబుతోంది నాయికకు. పాటలో జ్ఞాపకం అన్న మాటే లేదు, కానీ ఆ నాలుగు చప్పుళ్లూ అసలైన అర్థంలో జ్ఞాపకాలే. ‘దూరపు వేణువు’ అని ఉంటే అర్థం చెడదు. కానీ గువ్వల దగ్గర మొదలైన ఆ ‘వ్వ’ దవ్వుల్లోనూ సవ్వడిలోనూ మళ్లీ పలికి, వేణువు ఎక్కడో కాలువ అవతల మోగుతున్నట్టు వినిపిస్తుంది. నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే దొరికే ఎంపిక కాదది.

గుర్తు అంటే ఆనవాలు; ఓటు గుర్తులో ఉన్నది ఆ అర్థమే. సభల్లో చేతికిచ్చే జ్ఞాపికదీ జ్ఞాపకం పుట్టిన ధాతువే. తెలంగాణ వారి ‘యాది’ ఉర్దూ నుంచి వచ్చింది, సొగసైన మాట.

ఇక తీర్పు. వాడుకలో జ్ఞాపకానికి ‘మనసులో దాగిన పాత సంగతి’ అనే అర్థం ఏనాడో స్థిరపడింది. దాగినది పైకి వచ్చిందనే భావంతో మీ వాక్యాన్ని సమర్థించవచ్చు, కాబట్టి తప్పని కొట్టెయ్యలేను. అక్కయ్యకు రాసిన ఉత్తరంలో అలాగే ఉండనివ్వండి. అచ్చుకు పంపేటట్టయితే ‘ఆ రోజులు గుర్తుకొస్తాయి’ అంటే సరిపోతుంది, ‘తలపుకొస్తాయి’ అంటే నాకు మరీ ఇష్టం. టీవీల్లో రోజూ వినిపించే ‘మధురమైన తీపి జ్ఞాపకాలు’ మాత్రం దయచేసి ఎక్కడా రాయకండి. మధురమన్నా తీపే కదమ్మా!