పిన్నిని అడగండి: అమ్మతో మద్రాసు కచేరీకి

*పిన్నీ, నమస్కారం. మాది కావలి. ఈ డిసెంబరులో మా అమ్మకి అరవై నిండుతాయి. పెళ్లికి ముందు పాట నేర్చుకుంది, వర్ణాలు దాటి కృతుల దాకా వచ్చింది. ఆ తర్వాత నాన్న కొట్టు, మేము, వంటిల్లు. మద్రాసు మ్యూజిక్ అకాడమీలో ఒక్క కచేరీ అన్నా కూర్చుని వినాలని ఎన్నేళ్లుగానో అంటా ఉంది. నేను, మా ఆవిడ, ఏడేళ్ల బాబు, అమ్మ కలిసి పోదామనుకున్నాం. పొద్దున పోయి మెరీనా, టీ నగర్లో బట్టలు, వీలైతే గుడి, సాయంత్రం కచేరీ, పెద్ద హోటల్లో భోజనం, రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణం. ప్లాను బాగుందా? నాకు సంగీతం ముక్క తెలియదు. టిక్కెట్లు, తిండి, బట్టలు అన్నీ మీరే చెప్పాలి.*
*— ఒక పాఠకుడు, కావలి*

నీ ప్లాను చదివాను నాయనా. అందులో మీ అమ్మ అడిగింది ఒక్కటే ఉంది, మిగతా అయిదూ నువ్వు కలిపినవి. టీ నగర్ కొట్టెయ్. డిసెంబరులో రంగనాథన్ వీధిలోకి అరవయ్యేళ్ల మనిషిని దింపితే బయటికి వచ్చేసరికి ఆమెకి కావాల్సింది కచేరీ కాదు, మంచం. మెరీనా కూడా వద్దు. ఎండలో ఇసకలో నడిచి, తడిసిన ప్యాంటుతో పిల్లాణ్ణి తీసుకుని హాల్లో కూర్చుంటారా?

రాత్రికి రాత్రే తిరిగి రావడం అన్నిటికంటే పెద్ద తప్పు. రాత్రి కచేరీ తొమ్మిది దాటి నడుస్తుంది. బండికి టైమైపోతోందని ఎనిమిదిన్నర నుంచే నువ్వు వాచీ చూస్తుంటావు. మీ అమ్మ నీ మొహం చూస్తుంది. అసలైన పాట మధ్యలో "పోదాం పదరా, చాల్లే" అని ఆమే లేస్తుంది. మన అమ్మలంతే గదా, బిడ్డకి ఇబ్బందంటే కచేరీ చివర పాడే మంగళం కూడా వదిలేసుకుంటారు. ఆ పరిస్థితి తేవద్దు. ఒక రాత్రి అక్కడ పడుకోండి.

పోయేటప్పుడు పొద్దున పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. కావలిలో ఆగుతుంది, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సెంట్రల్లో దించుతుంది. తిరుగు పినాకిని మధ్యాహ్నం రెండు దాటాక సెంట్రల్లోనే బయల్దేరుతుంది, మర్నాడు దాన్నే పట్టుకోండి. అరవై రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తారు, ఆ రోజే కొనేసెయ్. డిసెంబరంటే మనవైపు తుపాన్ల కాలం కూడా, గొడుగు మాత్రం పెట్టెలో పడెయ్. రూము మైలాపూరు, రాయపేట వైపు తీసుకో. రాధాకృష్ణన్ సాలైలో న్యూ ఉడ్‌ల్యాండ్స్ ఉంది, అకాడమీకి నడిచి పొయ్యేంత దూరం. డిసెంబరు కచేరీల సీజన్లో అమెరికా నుంచి వచ్చే మామీలు ఆ చుట్టుపక్కల రూములన్నీ ముందే పట్టేస్తారు కాబట్టి రైలు టిక్కెట్టుతో పాటే ఫోను చేసి అడుగు. సెంట్రల్ నుంచి మెట్రోలో థౌజండ్ లైట్స్ దాకా పోయి ఆటో ఎక్కొచ్చు. పెట్టెలుంటే నేరుగా ఆటోనే మేలు.

దిగంగానే భోజనం చేసి అమ్మని గంటసేపు పడుకోబెట్టండి. ఇది మాత్రం తప్పించొద్దు.

ఇక టిక్కెట్లు. అకాడమీ సీజన్ మామూలుగా డిసెంబరు నడిమిలో మొదలై జనవరి ఒకటిన బిరుదులిచ్చే సదస్సుతో ముగుస్తుంది. మొత్తం సీజన్‌కి టిక్కెట్లు తీసుకునేవాళ్లు తీసుకోగా మిగిలిన సీట్లు రోజువారీగా అమ్ముతారు. సాయంత్రం రెండు కచేరీలుంటాయి, నాలుగు గంటలకొకటి, ఆరున్నర దాటాక ఒకటి. పేరు మోసినవాళ్లు రెండోదాన్లో పాడతారు. ఎవరి కచేరీకి పోవాలో నువ్వు నిర్ణయించవద్దు. కార్యక్రమాల పట్టిక రాంగానే ఫోన్లో చూపించి అమ్మనే వేలు పెట్టమను. రేడియోలో వినీ వినీ ఆమెకి తన మనసులో ఒక పేరుంటుంది, నువ్వు అడగలేదు కాబట్టి చెప్పలేదు. బాల్కనీ టిక్కెట్లు చవక, కానీ మెట్లు. మోకాళ్లు ఎట్టున్నాయో చూసుకుని కింద హాల్లోనే కొను. నడవా పక్క సీట్లు అడుగు, పిల్లాడున్నాడు గదా.

ఆ హాలు గురించి ఒక మాట. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దాంతో పాటు సంగీత సభలు కూడా పెట్టారు. అందులోంచి పుట్టింది అకాడమీ, 1928లో. సొంత హాలు లేక ఏళ్ల తరబడి పందిళ్లలో, ఊళ్లో వేరే హాళ్లలో కచేరీలు నడిపారు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే 1962లో తెరిచారు. గేటులోంచి లోపలికి పొయ్యేటప్పుడు మీ అమ్మ ఒక్క నిమిషం ఆగుతుంది చూడు. ఫొటో అక్కడ తియ్యి, లోపల తీయవద్దు. లోపల ఫోను ఆపెయ్యాలి. నీ ఫోను సినిమా పాటతో మోగిందంటే ముందు వరసలోని తాతలు వెనక్కి తిరిగి చూసే చూపుకి మనిషి మళ్లీ మద్రాసు రాడు.

తిండి సంగతి. పెద్ద హోటల్ ఆలోచన కూడా కొట్టెయ్. కచేరీలు పెట్టే సంస్థల్ని మద్రాసులో సభలంటారు, సీజన్లో సభ క్యాంటీనే పెద్ద హోటల్. హాలు పక్కన రేకులో షామియానానో వేసి, పేరున్న వంటవాళ్లు వచ్చి దిగుతారు. మధ్యాహ్నం అరిటాకు భోజనం, సాయంత్రం టిఫిను. అయిదింటికి పొండి. బోండా, ఆకుకూరతో చేసే కీరై వడ, నేతి దోసె, ఉంటే అశోకా హల్వా, పైన ఫిల్టరు కాఫీ. పెసరపప్పుతో చేసే ఆ హల్వా తంజావూరు వైపుది, చేతికి నెయ్యి కారుతుంది, అమ్మ చీరకి దూరంగా పట్టుకోమను. మనకి కారం తక్కువగా అనిపిస్తుంది, సర్దుకోవాలి. అకాడమీ దగ్గరే కెథీడ్రల్ రోడ్డులో ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్ ఇన్ ఉన్న రోజుల్లో కార్లో కూర్చునే టిఫిన్ తినేవాళ్లు. 2008లో మూసేశారు, ఇప్పుడక్కడ సెమ్మొళి పూంగా అని పార్కు ఉంది. ఆ దోసె గురించి మాట్లాడని మద్రాసు ముసలివాళ్లు లేరు. కచేరీకి ముందే కడుపు నింపుకుంటే అయ్యాక రూముకి పోయి పెరుగన్నంతో సరిపెట్టొచ్చు. కావలి నుంచే డబ్బాలో పెరుగన్నం తెచ్చుకున్నా ఎవరూ తప్పు పట్టరు.

బట్టలు అడిగావు. అక్కడ కంచిపట్టు సముద్రంలా ఉంటుంది, దాంతో పోటీ వద్దు. అమ్మకి జరీ అంచు వెంకటగిరి చీర కట్టించు, ఒంటికి తేలిక, చూడటానికి నిండుగా ఉంటుంది. దాని మీదికి శాలువా తప్పనిసరి. హాల్లో ఏసీ చలి ఎముకల్లోకి పోతుంది. నీకు చొక్కా, ప్యాంటు చాలు.

సంగీతం తెలియదని దిగులొద్దు, కచేరీ నడిచే తీరు తెలిస్తే చాలు. మొదట వర్ణం, గాయకుడి గొంతు, తాళం కుదురుకోవడానికి. తర్వాత రెండు మూడు చిన్న కృతులు గబగబా అయిపోతాయి. గంట దాటాక ఒక రాగం పట్టుకుని మాటల్లేకుండా నెమ్మదిగా పైకి పోతాడు, వయొలిన్ ఆయన వెనకే పోతుంది. ఆలాపన అంటే అదే. ప్రధానమైన పాట వస్తోందని అర్థం. ఏ పాట పాడతారో చాలామంది ముందు చెప్పరు. నీ చుట్టూ ఉన్నవాళ్లు పక్కకి వంగి రాగం పేరు గుసగుసలాడుకోవడం చూస్తావు. అప్పుడు మీ అమ్మ వైపు వంగి "ఏం రాగం?" అని అడుగు. ఆమె కళ్లు మూసుకునే, కుడిచేతి వేళ్లు తొడ మీద ఆదితాళం వేస్తూనే చెప్తుంది, నువ్వు ఇంతవరకు ఆమెని ఆ కొలువులో చూసి ఉండవు. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు వరసగా, తర్వాత అరచేయి తిరగేసి. ఆమె మర్చిపోయానంటుంది గానీ చెయ్యి మర్చిపోదు.

పాట చివర మృదంగం, ఘటం ఉంటే ఘటం, వాళ్ల వంతు వాయిస్తారు. తని ఆవర్తనం అంటారు. అది మొదలుకాంగానే సగం హాలు లేచి క్యాంటీన్‌కో, మరుగుదొడ్డికో పోతుంది. మద్రాసులో ఇదొక పాత జబ్బు. మృదంగం మనిషి అరవై ఏళ్ల సాధన వాయిస్తుంటే వీపులు చూపించడం నాకెప్పుడూ మింగుడుపడదు. మీరు మాత్రం కదలొద్దు. పైగా మీ బాబుకి ఆ కచేరీ మొత్తమ్మీద నచ్చేది అదే. ఆలాపన అప్పుడు విసుక్కుంటే మీ ఆవిడ బయటికి తీసుకుపోయి, తని టయానికి లోపలికి తెచ్చి కూర్చోబెడితే సరి. పాట నడిచేటప్పుడు తలుపు దగ్గర ఆపుతారు, పాటకీ పాటకీ నడుమ పంపిస్తారు, గొడవపడొద్దు.

మర్నాడు పొద్దున, శుక్రవారం కాకపోతే, ఎగ్మూరు మ్యూజియంకి పొండి. శుక్రవారం సెలవు. పాంథియన్ రోడ్డులో ఆ ఆవరణలోనే ఎర్రగా, గుండ్రంగా మ్యూజియం థియేటర్ ఉంది, 1896 నాటిది, నాటకాలకి కట్టింది. లోపల మన అమరావతి శిల్పాలున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో కొన్ని ఓడెక్కి లండన్ పోయాయి, మిగిలింది ఇక్కడ చూడొచ్చు. గంటన్నర చాలు. అక్కణ్ణించి సెంట్రల్ దగ్గర, పినాకిని అందుతుంది.

*పిన్నిగారూ, మా అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, సీజన్‌కి తీసుకుపొమ్మని గోల. మా మామగారు మాత్రం "అదంతా అరవాళ్ల తంతు, మనకెందుకు" అంటారు. ఎట్టా ఒప్పించాలి?*
*— ఒక తల్లి, ఒంగోలు*

మీ మామగారిని కరవది ఎక్కడుందో అడుగమ్మా. ఒంగోలు పక్కనే. షేక్ చిన మౌలానా అక్కడ పుట్టారు, 1924లో. నాదస్వరం పట్టుకుని పోయి శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరమంటే తంజావూరే అనుకునే వాళ్ల మధ్య నెగ్గారు. అదే మ్యూజిక్ అకాడమీ 1998లో ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. అంతకుముందు 1941లో ద్వారం వెంకటస్వామినాయుడు, 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, 1991లో నేదునూరి కృష్ణమూర్తి ఆ బిరుదు తీసుకున్నారు. కరవది పిల్లాడికి ఆ మెట్లెక్కే దారి ఉంటే ఒంగోలు పిల్లకి వినే దారి లేదా?

ఇంకొకటి చెప్పు. ఆ హాల్లో పాడేవాళ్లలో చాలామంది తమిళులు, పాడేది ఎక్కువగా త్యాగరాజస్వామి తెలుగు. రాముడితో ఆయన పడే జగడం మాట మాటా తెలిసేది మనకే. పక్కన కూర్చున్న తమిళావిడ అర్థం అడిగితే మీ మామగారే చెప్పాల్సి వస్తుంది, ఆ పెద్దరికం కోసమైనా ఆయన రైలెక్కుతారు. ఖర్చు మాటొస్తే, చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టిక్కెట్టుండదు. పాడేది కుర్రవాళ్లు, మీ అమ్మాయికి అవే ముందు వినిపించు. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు ఎట్టా పాడతారో చూస్తే ఇంటికొచ్చి సాధన చేస్తుంది. మహా విద్వాంసుణ్ణి చూస్తే చప్పట్లు కొట్టి ఊరుకుంటుంది.

*పిన్నీ, మద్రాసు దాకా పోలేం. మా అత్తగారికి పద్యనాటకమంటే ప్రాణం. టౌన్‌హాల్లో వేసినప్పుడు తీసుకుపోదామనుకుంటున్నా. జాగ్రత్తలు చెప్పండి.*
*— ఒక కోడలు, నెల్లూరు*

రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం అని పత్రికల్లో రాస్తారు గానీ ఆటోవాడికి టౌన్‌హాల్ అంటే చాలు. కార్డులో ఆరు అని వేస్తే ఆరింటికి పోవద్దు. దీపం వెలిగించాలి, అతిథులు మాట్లాడాలి, శాలువాలు కప్పాలి. ఇంట్లో తీరిగ్గా అన్నం తినిపించి ఏడు దాటాక తీసుకుపో. హార్మోనియం మరీ చెవిలో పడకుండా నడిమి వరసల్లో కూర్చోండి. పద్యం చివర రాగం తీసినప్పుడు మీ అత్తగారు "వన్స్‌మోర్" అని అరిస్తే నువ్వు సిగ్గుపడి ఆమె చెయ్యి లాగొద్దు, నువ్వు కూడా అరువు. నాటకం ఎప్పటికి అయిపోతుందో వేసేవాళ్లకే తెలియదు కాబట్టి తిరిగొచ్చేందుకు మీ ఆయన్ని బండితో సిద్ధంగా ఉండమను, మర్నాడు పొద్దున ఆఫీసుంటే ముందే సెలవు పెట్టుకో.