ఆగడం వెనుక ఉన్న నమ్మకం

ప్రశ్న: ‘అబైడ్’ అంటే నియమానికి కట్టుబడటమని బడిలో నేర్చుకున్నాను. పాత ఇంగ్లిష్ బైబిలులో అదే మాట ‘ఉండటం’ అనే అర్థంలో కనిపించింది. ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే. కట్టుబడటం, సహించడం తర్వాత చేరిన అర్థాలు. ప్రాచీన ఇంగ్లిష్‌లో ‘బీడన్’ అంటే ఆగడం, ఎదురుచూడటం. దానికి ముందు ఒక ఉపసర్గ చేరి ‘అబైడ్’ అయింది. 1611 నాటి బైబిలులో, సాయంకాలం కావస్తోంది, మాతో ఉండు అని శిష్యులు యేసును బలవంతం చేసేది ఈ క్రియతోనే. మన ‘ఉండు’ను ఒకసారి తలచుకోండి. ‘కాస్త ఉండండి’ అంటే ఆగమని, ‘మా ఇంట్లో ఉండండి’ అంటే నివసించమని. నివాసమని చెప్పే ‘అబోడ్’ కూడా ఈ క్రియలోంచే పుట్టింది, మొదట్లో దానికీ ఆగడం, జాప్యం అనే అర్థాలే!

ఏళ్ల తరబడి నిఘంటువులు తిరగేస్తున్నా, నన్ను ఇప్పటికీ కదిలించేది దీని మూలం. ఇంగ్లిష్, లాటిన్ వంటి భాషలకు మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో ‘నమ్ము’ అనే అర్థమున్న ధాతువు నుంచి ‘బీడన్’ వచ్చిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. విశ్వాసమనే లాటిన్ మాట ‘ఫిదేస్’ కూడా అక్కడిదే. ‘బీడన్’ నేటి రూపమైన ‘బైడ్’ ఈనాడు ఒంటరిగా అరుదు. అదను కోసం కాచుకోవడమనే నుడికారంలో మాత్రం బతికే ఉంది.