పేషెంటు నోటి మాటతో మొదలుపెట్టు, పాపా

పాపా,

మొన్న ఆదివారం పెరంబూరు వచ్చినప్పుడు నువ్వు మా ఇంట్లో మర్చిపోయిన నర్సింగ్ కాలేజీ కేర్ ప్లాన్ ఫైలు, అదే ఏ పేషెంటుకు ఏం ఇబ్బందో, నర్సు ఏం చేయాలో రాసే ఫైలు, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. మీ మేడమ్ ఎర్ర ఇంకుతో కొట్టేశారని ఏడ్చావు గదా, ఆమె కొట్టేసింది సరైన చోటే. ఐదుగురు పేషెంట్లు, ఐదు రకాల జబ్బులు. అందరికీ నువ్వు రాసింది మాత్రం 'యాంగ్జైటీ రిలేటెడ్ టు హాస్పిటలైజేషన్' (ఆసుపత్రిలో చేరినందువల్ల ఆందోళన), దాని కింద 'నాలెడ్జ్ డెఫిసిట్' (జబ్బు గురించి తెలియకపోవడం). పద్నాలుగో బెడ్డు ఆయనకు 'డిస్టర్బ్డ్ స్లీప్ ప్యాటర్న్ రిలేటెడ్ టు హాస్పిటలైజేషన్' అని రాసి వదిలేశావు. ఆయనకు నిద్ర ఎందుకు పట్టడం లేదో ఎంత వెతికినా నాకు కనబడలేదు.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. జబ్బు పేరు డాక్టరు రాస్తారు. ఆ జబ్బుతో ఈ మనిషి ఎలా అవస్థ పడుతున్నాడో, అందులో మన చేతులతో మనం సరిచేయగలిగింది ఏమిటో నర్సు రాస్తుంది, అదే నర్సింగ్ డయాగ్నోసిస్. న్యుమోనియాతో పక్కపక్క మంచాల్లో ఇద్దరున్నారనుకో. కుర్రాడికి కఫం జిగురుగా ఉండి ఊడిరావడం లేదు. ముసలాయనకు దగ్గే ఓపికే లేదు. ఇద్దరికీ 'ఇనెఫెక్టివ్ ఎయిర్‌వే క్లియరెన్స్' (ఊపిరి దారిలో అడ్డం పోకపోవడం) అనే రాస్తావు, కానీ కారణాలు వేరు గనక చేసే పనీ వేరు. కుర్రాడికి నీళ్లు ఎక్కువ తాగించి, ఆవిరి పట్టిస్తావు. ముసలాయనను లేపి కూర్చోబెట్టి, ఊపిరి తీయించి, దగ్గించాలి, అవసరమైతే సక్షన్ చేయాలి, అంటే గొట్టంతో కఫం లాగేయాలి. మనం చూసే ఈ సంగతులకు కూడా పేర్లు ఉండాలని 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నర్సులు కూర్చుని మొదటి జాబితా రాసుకున్నారు. ఆ నర్సుల బృందమే తర్వాత నాండా అనే సంస్థ అయింది. వాళ్ల జాబితాకు మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది, పేర్లు మారుతుంటాయి. అందుకే బట్టీ పట్టొద్దు, మీ కాలేజీలో వాడే ఎడిషన్ పక్కన పెట్టుకుని చూసుకో.

నేను నర్సుగా ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. గూడూరు నుంచి మా మద్రాసు ఆసుపత్రికి ఒక అవ్వ వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. రెండో రోజు ఐ/ఓ చార్ట్ (ఒంట్లోకి పోయిన నీళ్లు, బయటికొచ్చిన నీళ్లు రాసేది) చూస్తే ఇరవై నాలుగు గంటల్లో తాగింది 600 మిల్లీలీటర్లు. నాలుక పిడచకట్టుకుపోయింది, మూత్రం ముదురు పసుపు. నేను 'డెఫిషియంట్ ఫ్లూయిడ్ వాల్యూమ్ రిలేటెడ్ టు ఇనాడిక్వేట్ ఇన్‌టేక్' (సరిగా తాగక ఒంట్లో నీళ్ల లోటు) అని రాసి, కింద 'ఎంకరేజ్ ఓరల్ ఫ్లూయిడ్స్' (నీళ్లు తాగమని చెప్పాలి) అని చేర్చి డాక్టరుకు చెప్పాను. మూడు షిఫ్టులూ అదే మాట హ్యాండోవర్‌లో చెప్పుకున్నాం. అవ్వ లాకరు మీద గ్లాసులో నీళ్లు మూత పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి.

ఆ రాత్రి నాకే నైట్ డ్యూటీ. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "ఎందుకవ్వా నీళ్లు ముట్టడం లేదు?" అని అడిగాను. చెవి దగ్గరికి రమ్మని చెప్పింది. "తాగితే ఒంటికొస్తుంది గదమ్మా. నాకు అరవం రాదు. రాత్రిపూట ఎవరిని పిలిచేది? నిన్న పక్క తడిసిపోతే ఆయమ్మ కసురుకునింది."

నేను రాసింది తప్పు కాదు, కానీ అందులో అవ్వ లేదు. ఆ రాత్రే కొట్టేసి మళ్లీ రాశాను. నీళ్ల లోటు. కారణం, రాత్రి బెడ్‌పాన్ అడగడానికి సిగ్గు, భయం, భాష రాకపోవడం, అందుకని కావాలనే నీళ్లు మానేయడం. ఆనవాళ్లు, 600 మిల్లీలీటర్ల ఇన్‌టేక్, ఎండిన నాలుక, ముదురు మూత్రం, అవ్వ చెప్పిన మాట. అలా రాసేసరికి ఏం చేయాలో దానంతట అదే తెలిసింది. అవ్వ అడిగేదాకా ఆగకుండా పదింటికి, రెండింటికి, ఆరింటికి మేమే బెడ్‌పాన్ పెట్టాలి. బెల్లు దిండు కింద కాకుండా చేతికి అందేట్టు ఉండాలి. ప్రతిసారీ మేం అక్కణ్నుంచి వచ్చేముందు అర గ్లాసు నీళ్లు పట్టాలి. మర్నాటి చార్టులో ఇన్‌టేక్ 1500 దాటింది.

నువ్వు చదువుకున్న పీఈఎస్ పద్ధతి ఇదే. ప్రాబ్లమ్, ఎటియాలజీ, సైన్స్ అండ్ సింప్టమ్స్, అంటే ఇబ్బంది, దాని కారణం, ఆనవాళ్లు. మూడింటిలోనూ నేను ఎక్కువగా పట్టించుకునేది నడుమదాన్నే. 'రిలేటెడ్ టు' తర్వాత నువ్వు రాసిన దాని మీద నర్సు చేయి వేయగలదా అని అడుగు. 'అక్యూట్ పెయిన్ రిలేటెడ్ టు సర్జరీ' అంటే, అయిపోయిన సర్జరీని నువ్వేం చేస్తావు? కుట్ల దగ్గర లాగుతోందా, డ్రెయిన్ ట్యూబు ఒరుసుకుంటోందా, దగ్గినప్పుడు నొప్పా అని చూసి రాయి. దగ్గినప్పుడే అయితే పొట్ట మీద దిండు అదిమిపట్టుకుని దగ్గడం నేర్పొచ్చు.

ఆనవాళ్ల దగ్గర పేషెంటు అన్నమాట అన్నట్టే రాసుకో. మద్రాసులో సగం మంది "మూచ్చు వాంగుదు" అంటారు, మన నెల్లూరు వాళ్లు "ఎగపోస్తోంది" అంటారు. వెంటనే దాన్ని 'డిస్ప్నియా' (ఆయాసం) అని మార్చేయకు. మాట రాసి, పక్కన నిమిషానికి ఎన్ని ఊపిర్లో నువ్వు లెక్కపెట్టిన రెస్పిరేటరీ రేటు, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ రాయి. పడుకుంటే ఎక్కువవుతోందా, బాత్రూమ్‌కు నడిస్తేనా, అదీ అడుగు.

రిస్కు డయాగ్నోసిస్‌లకు నువ్వు ఆనవాళ్లు రాశావు. ఇంకా జరగని దానికి ఆనవాళ్లు ఎక్కడివి? రిస్కు ఫ్యాక్టర్లు రాస్తే చాలు. మంచాన పడి ఉండటంతో పుండు పడే రిస్కయితే, దాన్ని కొలిచే బ్రేడెన్ స్కేలు వేసి స్కోరు రాయి. ఆరు అంశాలు, ఎక్కువలో ఎక్కువ స్కోరు 23. స్కోరు తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ, 18, అంతకన్నా తక్కువ ఉంటే జాగ్రత్త పడాలి. తొమ్మిదో బెడ్డుకు నువ్వు 'రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోవడం వల్ల' అని కారణం రాశావు. అలా ఎప్పుడూ రాయకు. కేస్ షీట్ కోర్టుదాకా పోయే కాగితం. కదల్లేకపోవడం, తడి, తిండి సరిగా లేకపోవడం, ఇవి రాయి. ఎవరైనా తిప్పకపోతే ఇన్‌చార్జ్ సిస్టర్‌కు ఆ క్షణమే చెప్పు.

'నొప్పి తగ్గుతుంది' అనేది గోల్ కాదు. మందు ఇచ్చిన గంటలో నొప్పి పదికి ఏడు నుంచి మూడుకు వచ్చిందని పేషెంటే చెప్పాలి, అలా రాయి. వరుస సంగతికొస్తే ఊపిరి ముందు, మిగతావన్నీ తర్వాత. నీ ఫైల్లో ఆక్సిజన్ పెట్టిన మనిషికి మొదటి డయాగ్నోసిస్ 'నాలెడ్జ్ డెఫిసిట్' అని ఉంది, చూసి నాకు గుండె ఝల్లుమంది.

వచ్చే ఆదివారం ఫైలు తీసుకుపోదువు గాని. పుస్తకం తేవొద్దు, వార్డులో రాసుకున్న కాగితం తీసుకురా. అంతకంటే ముందు ఒక పని చెయ్యి. రేపు పోస్టింగ్‌కు వెళ్లగానే పద్నాలుగో బెడ్డు ఆయన పక్కన ఐదు నిమిషాలు కూర్చుని, రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వస్తోందో, వచ్చాక ఏం చేస్తున్నాడో అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకురా.

నీ పెద్దమ్మ