పోకర్ ఆడి బతుకుతానంటున్న బి.ఎస్సీ. కుర్రాడు: కోటి డాలర్ల పట్టికను ఎలా చదవాలి?

ప్రశ్న: మాది రాయగడ. అబ్బాయికి ఇరవై ఏళ్లు. బరంపురంలో బి.ఎస్సీ. మేథ్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. లెక్కల్లో చురుకు. ఏడాదిగా పోకర్ పిచ్చి పట్టుకుంది. లాస్‌వేగాస్ వరల్డ్ సిరీస్ ఫలితాలు చూపించి, ‘ఒక్క టోర్నీకి కోటి డాలర్లు నాన్నా, ఇది జూదం కాదు, స్కిల్’ అంటున్నాడు. పీజీకని దాచిన నాలుగు లక్షలు ఇస్తే గోవా వెళ్లి ఆడుకుంటూ పైకొస్తాడట. పేకాటని తిట్టి ఊరుకోవాలా, నిజంగా ఇందులో కెరీర్ ఉందా?

జవాబు: తిట్టకండి. తిడితే ‘నాన్నకి ఇవన్నీ తెలీవు’ అనేసి లేచి వెళ్లిపోతాడు. అతను చూపిస్తున్న పట్టికే ముందు పెట్టుకుని, ఇద్దరూ ఒక కాగితం తీసుకుని కూర్చోండి.

వరల్డ్ సిరీస్‌లో అన్నిటికన్నా పేరున్న టోర్నీ మెయిన్ ఈవెంట్. 2024లో జరిగినదాన్నే తీసుకుందాం. బై-ఇన్, అంటే ఆడటానికి కట్టే డబ్బు, పది వేల డాలర్లు. 10,112 మంది కట్టారు. అందులో 7 శాతం మినహాయించుకోగా తలకు 9,300 చొప్పున 9,40,41,600 డాలర్లు బహుమతుల్లోకి వెళ్లాయి. మొదటి స్థానంలో నిలిచిన జోనథన్ టమాయోకు కోటి డాలర్లు వచ్చాయి. మీవాడి కన్ను ఆ గీత మీదే ఉంది. ఎంతోకొంత దక్కింది 1,517 మందికే. మిగిలిన 8,595 మంది ఉత్త చేతులతో ఇంటికెళ్లారు. దక్కినవాళ్లలో అట్టడుగున ఉన్నవాళ్లకు 15,000 డాలర్లు. కట్టినది పోతే ఐదు వేలు, అందులోంచే విమానం టికెట్టు, హోటల్ ఖర్చు. ఫైనల్ టేబుల్, అంటే చివరిదాకా మిగిలినవాళ్లు ఆడే బల్ల, దాని దగ్గర కూర్చున్న తొమ్మిది మంది మాత్రం 3 కోట్ల 12 లక్షల 50 వేల డాలర్లు పట్టుకెళ్లారు. మొత్తం నిధిలో అది మూడో వంతు.

స్కిల్ అన్న మాట అబద్ధం కాదు, అది మీరూ ఒప్పుకోవాలి. 2025లో 9,735 మంది ఆడిన మెయిన్ ఈవెంట్ గెలిచిన మైకేల్ మిజ్రాచీ, అదే వేసవిలో యాభై వేల డాలర్ల బై-ఇన్ ఉన్న ప్లేయర్స్ చాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. ఆ చాంపియన్‌షిప్ గెలవడం ఆయనకు నాలుగోసారి. అదృష్టం ఒక్కటే అయితే అలా జరగదు. అయితే ఆటలో నైపుణ్యం ఉండటం వేరు, ఆ నైపుణ్యంతో ఇల్లు గడవడం వేరు.

ఆటగాళ్ల ‘మొత్తం సంపాదన’ అని చూపించే జాబితాలన్నీ వచ్చిన డబ్బునే కూడతాయి, పోసిన డబ్బును కాదు. మెయిన్ ఈవెంట్‌లో ఒకసారి ఓడితే అంతే. మిగతా టోర్నీలు చాలావాటిలో రీ-ఎంట్రీ, అంటే ఓడాక మళ్లీ డబ్బు కట్టి ఆటలోకి వచ్చే వీలు, ఉంటుంది. మూడుసార్లు కట్టి ఒకసారి కట్టినదానికి రెట్టింపు గెలిచినవాడు కూడా పట్టికలో విజేతలాగే కనిపిస్తాడు. ఇంకో సంగతి స్టేకింగ్. పెద్ద టోర్నీలకు వెళ్లేవాళ్లు తమ వాటాను ముందే అమ్ముకోవడం మామూలే. అరవై శాతం అమ్ముకున్నవాడు లక్ష గెలిస్తే అతని చేతికొచ్చేది నలభై వేలు. పట్టికలో మాత్రం లక్ష.

ఇక నాలుగు లక్షల లెక్క. టోర్నీల్లో సుమారు 15 శాతం మందికే డబ్బు వస్తుంది కాబట్టి, సగటు ఆటగాడికి వరసగా పది టోర్నీల్లో ఒక్క పైసా రాకపోయే అవకాశం ఐదింట ఒకటి. వచ్చినప్పుడు కూడా ఎక్కువసార్లు అడుగు స్థానాలే. ఏడాది నష్టాలను పూడ్చేది ఎప్పుడో ఒక ఫైనల్ టేబుల్. అందుకే అనుభవజ్ఞులు తమ బై-ఇన్‌కు నూరు నుంచి రెండు వందల రెట్లు బ్యాంక్‌రోల్, అంటే ఆటకని విడిగా పెట్టుకున్న సొమ్ము, చేతిలో ఉంచుకోమంటారు. ఆ కొలతన మీ నాలుగు లక్షలతో ఆడదగ్గది రెండు నుంచి నాలుగు వేల రూపాయల టోర్నీ. నాలుగు వేల టోర్నీలో ఇరవై శాతం లాభం తీసే మంచి ఆటగాడికి సగటున మిగిలేది ఎనిమిది వందలు. రాయగడ నుంచి గోవా రైలు ఖర్చు, అక్కడ గది అద్దె ఎంతవుతాయో అతన్నే రాయమనండి. పోనీ ఖర్చు కిట్టాలని పది వేల రూపాయల టోర్నీలు ఆడితే, నలభై ఆటల్లో సొమ్ము ఖాళీ కావచ్చు.

అసలు దెబ్బ పన్ను దగ్గర తగులుతుంది. మీవాడు దీన్ని లెక్కలోకే తీసుకుని ఉండడు. పేకాట గెలుపుపై పన్ను 30 శాతం, సెస్సుతో కలిపి 31.2. ప్రాథమిక మినహాయింపు లేదు, ఖర్చులు తీసేయడానికి లేదు, ఓడిన ఆటల నష్టాన్ని గెలిచినదాంట్లోంచి తగ్గించుకోవడానికి లేదు. పది వేల రూపాయల టోర్నీలు నలభై ఆడి, అయిదింట్లో కలిపి 4,80,000 గెలిచాడనుకోండి. ఆటపరంగా ఎనభై వేల లాభం, ఇరవై శాతం. పన్ను మాత్రం 4,80,000 మీద 1,49,760. గెలిచిన ఆటగాడు 69,760 రూపాయల నష్టంతో ఇంటికొస్తాడు, ప్రయాణం ఖర్చు కలపకుండానే. ఫలితాల పట్టిక లాగే పన్ను చట్టం కూడా వచ్చినదాన్నే చూస్తుంది, పోయినదాన్ని చూడదు. అమెరికా వెళ్లి గెలిచినా అక్కడే 30 శాతం పట్టుకుని ఇస్తారు. మన దేశంలో ఉంటూ టోర్నీల మీదే బతకడం కష్టమని నేను గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే.

చట్టం సంగతి క్లుప్తంగా. 2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. స్కిల్లా, లక్కా అన్న తేడా చూడలేదు. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవాళ్లకు శిక్ష పెట్టలేదు. చట్టాన్ని కోర్టుల్లో సవాలు చేశారు గానీ, అది తేలేదాకా జీవితాన్ని ఆపుకోలేం కదా. మీ ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టంలో స్కిల్ ఆటలకు విడిగా మినహాయింపు లేదు. పార్వతీపురం దాటి వెళ్లినా తేడా లేదు, ఆంధ్ర 2020లోనే ఆన్‌లైన్ డబ్బు ఆటలను ఆపేసింది. గోవా క్యాసినోల్లోకి 21 నిండనిదే రానివ్వరు, మీవాడికి ఇంకా ఇరవై. విదేశీ సైట్లలో వీపీఎన్ (ఏ దేశం నుంచి ఆడుతున్నామో దాచే సాఫ్ట్‌వేర్) పెట్టి ఆడుతున్నాడేమో మెల్లగా కనుక్కోండి. అక్కడ డబ్బు ఎవరెవరి యూపీఐ ఖాతాల గుండానో తిరుగుతుంది. వాటిలో ఒకటి మోసం కేసులో తేలితే మీవాడి బ్యాంకు ఖాతా కూడా ఫ్రీజ్ అవుతుంది; తెరిపించుకోవడానికి ఏ రాష్ట్రం పోలీసుల చుట్టూ తిరగాలో చెప్పలేం.

ఇప్పుడు అతన్ని రెండు ప్రశ్నలు అడగండి. పాట్‌లో, అంటే బల్ల మధ్య పోగైన పందెంలో, వంద ఉంది, ఎదుటివాడు ఇంకో యాభై వేశాడు. కాల్ చెయ్యాలంటే, అంటే తనూ యాభై వేసి ఆటలో నిలవాలంటే, గెలిచే అవకాశం కనీసం ఎంత ఉండాలి? యాభై పెట్టి మొత్తం రెండు వందల కోసం ఆడుతున్నాడు కాబట్టి 25 శాతం. ఇది టక్కున చెప్పేస్తాడు. రెండోది అసలైనది: ఇప్పటిదాకా ఆడిన ప్రతి ఆటకూ తేదీ, కట్టినది, రీ-ఎంట్రీలు, వచ్చినది, గంటలు రాసిపెట్టుకున్నాడా? రాసి ఉంటే, అందులోంచి తన నిజమైన లాభశాతం ఎంత పొరపాటు తేడాతో చెప్పగలడో అడగండి. దానికి జవాబు వెతికే కుర్రాడు స్టాటిస్టిక్స్‌కు పుట్టినవాడు. రాయలేదంటే పట్టిందల్లా ఆట పిచ్చే. ఎంత పోయిందో దాచడం, స్నేహితుల దగ్గర చేబదుళ్లు, రాత్రి నిద్ర మానడం కనిపిస్తే మాత్రం ఇది కెరీర్ ప్రశ్న కాదు. టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చెయ్యండి.

సంభావ్యత మీద ప్రేమ నిజమైతే దారులు ఉన్నాయి. ఒకటి ఆక్చువరీ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీలకు నష్టభయాన్ని లెక్కగట్టే నిపుణుడి వృత్తి. దాని ప్రవేశ పరీక్ష ఏసెట్‌ను ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆక్చువరీస్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ చేసేదీ అనిశ్చితికి వెల కట్టడమే. ఒక్కొక్క పేపరు ఉద్యోగం చేసుకుంటూ కూడా పూర్తి చెయ్యొచ్చు, ఓపిక మాత్రం ఏళ్ల తరబడి కావాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైన యూపీఎస్సీ ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా అందులో పీజీ ఉండాలి. మార్కుల షీటు తీసి చూడండి, చాలామంది మేథ్స్ పిల్లలు ఇక్కడే తప్పిపోతారు. పీజీ కోసం ఐఐటీల ప్రవేశ పరీక్ష జామ్‌లో మేథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పీజీ కోర్సు ఎం.స్టాట్ ప్రవేశ పరీక్ష ఈ రెండూ రాయించండి. ఎం.స్టాట్‌లో స్టైపెండ్ కూడా ఇస్తారు. సరిహద్దు తెలుగు పిల్లలకు ఇంకో లాభం: ఆంధ్రలో సీటుకు వెళ్తే నాన్-లోకల్ లెక్కలోకి వస్తారు, ఈ జాతీయ పరీక్షల్లో ఆ గొడవే లేదు.

నాలుగు లక్షలు అతని చేతికివ్వకండి. పీజీ ఫీజు కట్టేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. డబ్బు లేని ఫ్రీ గేమ్స్ ఆడుకోనివ్వండి, ప్రతి ఆటా నోట్‌బుక్‌లోకి ఎక్కాలన్న షరతు మీద. జామ్ పరీక్ష ఏటా ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు మాత్రం ముందు ఏడాది సెప్టెంబరులోనే మొదలవుతాయి. ఆ నెల దాటిపోకుండా చూసుకోండి.