షరతును విలువగా కాదు, దారిగా అనువదించు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు రాస్తున్న కంపైలర్, అనగా ప్రోగ్రామును ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లుగా (ఆదేశాలుగా) మార్చే సాధనం, పుట్టించిన అసెంబ్లీ ఫైలును నిన్న రాత్రి అచ్చు తీసుకుని, పెన్సిలు పట్టుకుని వరుస వరుసగా చదివాను. తప్పు ఫలితం ఇచ్చే చోటు నాకు కనబడలేదు. కానీ ‘ఎ, బి కంటే చిన్నదైతే’ అన్న అతి మామూలు ఇఫ్‌కు అది ఐదు ఇన్‌స్ట్రక్షన్లు రాస్తోంది. సీఎంపీతో రెంటినీ పోలుస్తోంది, సెట్‌ఎల్‌తో ఆ ఫలితాన్ని ఒక బైటులోకి ఎక్కిస్తోంది, ఆ బైటును ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గది అయిన రిజిస్టర్ నిండా పరుస్తోంది, అలా వచ్చిన 0నో 1నో మళ్ళీ టెస్ట్‌తో పరీక్షిస్తోంది, అంతా అయ్యాక గానీ జంప్ చేయడం, అంటే కోడ్‌లో వేరే చోటికి దూకడం, లేదు. ప్రాసెసర్ సీఎంపీ దగ్గరే జవాబును ఫ్లాగుల్లో, అంటే 0గానో 1గానో ఉండే తన గుర్తుల్లో, పెట్టి నీ చేతికిచ్చింది. నువ్వు దాన్ని అంకెగా మార్చి, ఆ అంకెను మళ్ళీ ప్రశ్నించి, అదే జవాబును రెండోసారి తెచ్చుకుంటున్నావు. సీఎంపీ ఒకటి, దాని వెంట జంప్ ఒకటి ఉంటే చాలు.

ఇలా జరగడానికి కారణం, ప్రతి ఎక్స్‌ప్రెషన్‌ను ‘విలువ కట్టు’ అనే ఒకే ఫంక్షన్‌తో అనువదించడం. దానికి తోడుగా ఇంకో ఫంక్షన్ రాయి. అది విలువేదీ తిరిగి ఇవ్వదు. ఒక షరతునూ, నిజమైతే చేరవలసిన లేబుల్‌నూ (కోడ్‌లో ఒక చోటికి పెట్టిన పేరునూ), కాకపోతే చేరవలసిన లేబుల్‌నూ తీసుకుని, ఆ రెండు చోట్లలో ఒకదానికి చేర్చే కోడ్‌ను మాత్రమే రాస్తుంది. ‘నాట్’ వచ్చినప్పుడు రెండు లేబుళ్ళనూ తారుమారు చేసి తనను తానే పిలుచుకుంటుంది. అందుకు ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా ఖర్చు కాదు. ‘అండ్’ వచ్చినప్పుడు ఎడమ షరతు అబద్ధమైతే నేరుగా బయటి అబద్ధపు లేబుల్‌కు పంపుతుంది, నిజమైతే కుడి షరతు మొదలయ్యే చోటికి పంపుతుంది. ‘ఆర్’ దీనికి అద్దంలో బింబం లాంటిది. ఎడమవైపే తేలిపోతే కుడివైపు ముట్టుకోకూడదన్న సీ భాష నియమం కోసం నువ్వు విడిగా రాసుకున్న యాభై వరుసలూ అప్పుడు అనవసరమవుతాయి, ఎందుకంటే ఆ నియమం లేబుళ్ళు పంచడంలోనే ఇమిడిపోతుంది. ‘ఎక్స్‌లో పోలిక ఫలితాన్ని దాచు’ అన్నప్పుడు మాత్రం విలువ నిజంగానే కావాలి. అక్కడ నీ సెట్‌ఎల్ పద్ధతిని అలాగే ఉంచుకో.

తర్వాత చూడవలసింది జంప్‌ల అమరిక. రెండు లేబుళ్ళలో ఒకటి సాధారణంగా వెంటనే కింది వరుసలోనే ఉంటుంది కనుక అక్కడికి జంప్ అక్కరలేదు, కోడ్ దానంతట అదే అందులోకి జారుతుంది. అంటే ఇఫ్‌లో నువ్వు రాయవలసింది ‘షరతు కాకపోతే దూకు’ అన్న తిరగేసిన జంప్. వైల్ లూప్‌లో, అంటే షరతు నిజమైనంతసేపు తిరిగే చుట్టులో, షరతును అడుగున పెట్టి, మొదటిసారి మాత్రం పైనుంచి అక్కడికి దూకిస్తే, ఒక్కో చుట్టుకూ రెండు జంప్‌లకు బదులు ఒకటి సరిపోతుంది. కొమ్మల్లో ఏది ఎక్కువసార్లు నడుస్తుందో ముందే అంచనా కట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1957లో ఐబీఎం 704 యంత్రం కోసం వచ్చిన మొదటి ఫోర్ట్రాన్ భాషలోనే ప్రోగ్రామర్ ఆ సంగతి చెప్పడానికి ఫ్రీక్వెన్సీ అనే స్టేట్‌మెంట్ ఉండేది. ఆనాటి ఇఫ్‌కు మూడు కొమ్మలు: విలువ రుణమైతే ఒక చోటికి, సున్నా అయితే మరో చోటికి, ధనమైతే ఇంకో చోటికి. నీకు రెండు కొమ్మలతోనే విసుగొస్తోందని రాశావు కనుక ఈ మాట చెబుతున్నాను.

ఈ తిరగేయడం దగ్గరే నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. నువ్వు వచ్చే నెల దశాంశ సంఖ్యలు చేరుస్తానన్నావు కాబట్టి దీన్ని శ్రద్ధగా చదువు. పూర్ణాంకాలలో ‘చిన్నది’కి వ్యతిరేకం ‘పెద్దది లేదా సమానం’. ఫ్లోటింగ్ పాయింట్‌లో, అంటే యంత్రంలో దశాంశ సంఖ్యలుండే రూపంలో, అలా కాదు, ఎందుకంటే 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం నాన్, అనగా సంఖ్య కాని విలువ, దేనితో పోల్చినా చిన్నదీ కాదు, పెద్దదీ కాదు, సమానమూ కాదు. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఈ సంగతి తెలిసి కూడా, పూర్ణాంకాలకు రాసిన తిరగేసే పట్టికనే దశాంశ సంఖ్యలకూ వాడేశాను. ఒక వాడుకరి ప్రోగ్రాములో, కొలత అందక నాన్‌గా మారిన ఉష్ణోగ్రత ‘పరిమితి కంటే తక్కువే’ అని తేలిపోతూ వచ్చింది. తప్పు వాళ్ళ ప్రోగ్రాములో ఉందని రెండు వారాలు వాదించాను. ఆ మొండితనం గుర్తొస్తే నాకిప్పటికీ తల వంగుతుంది.

ఎక్స్‌86 ప్రాసెసర్ల మీద ఇది ఎలా జరుగుతుందో చూడు. దశాంశ సంఖ్యలను పోల్చే యూకామిస్‌డీ ఇన్‌స్ట్రక్షన్ ఎ, బిలను ఆ వరుసలోనే పోల్చినప్పుడు, ఎ చిన్నదైతే క్యారీ ఫ్లాగ్ 1 అవుతుంది. రెంటిలో ఏదైనా నాన్ అయితే క్యారీ, జీరో, ప్యారిటీ మూడూ 1 అవుతాయి. అప్పుడు ‘కాకపోతే దూకు’ కోసం, ‘పెద్దది లేదా సమానమైతే దూకు’ అనే జేఏఈ వాడితే, అది క్యారీ 0 అయినప్పుడే దూకుతుంది కనుక, నాన్ వచ్చినప్పుడు దూకకుండా నేరుగా ఇఫ్ లోపలికి జారుతుంది. దీనికి మందు, పోల్చే వరుసను మార్చి బిని ముందు పెట్టడం, ఆ పైన ‘చిన్నది లేదా సమానమైతే దూకు’ అనే జేబీఈ వాడడం. క్యారీ గానీ జీరో గానీ 1 అయితే దూకుతుంది కనుక నాన్ కూడా అబద్ధం వైపే పోతుంది. సమానత్వానికి ఒక జంప్ చాలదు. ‘సమానం కాకపోతే దూకు’ అనే జేఎన్ఈ, ప్యారిటీ 1 అయితే దూకే జేపీ రెండూ అబద్ధపు లేబుల్‌కే పోవాలి. అలాగే గుర్తు లేని, అంటే రుణ విలువలు ఉండని, పూర్ణాంకాలకు ‘చిన్నదైతే దూకు’ అనడానికి జేఎల్ కాదు, జేబీ. ఆ పొరపాటు నీ ఫైలులో లేదు గానీ, ఆ రకాన్ని నువ్వింకా చేర్చనే లేదు.

జంప్ లేకుండా, షరతు నిజమైతేనే విలువను మార్చే సీమూవ్ ఇన్‌స్ట్రక్షన్‌ను వెంటనే వాడాలని నీకు ఉత్సాహంగా ఉంది. అది 1995లో పెంటియం ప్రోతో వచ్చింది, మంచి సాధనమే. కానీ అది మెమొరీ నుంచి తీసుకునేటట్టు రాస్తే షరతు అబద్ధమైనా మెమొరీని చదువుతుంది. ‘పాయింటర్ ఖాళీ కాకపోతే దాని లోపలి విలువ తీసుకో’ అన్న ఇఫ్‌ను అలా మారిస్తే, మెమొరీలో ఏ చోటునూ చూపని ఆ ఖాళీ పాయింటర్ దగ్గర ప్రోగ్రాము కూలిపోతుంది. పైగా ఎప్పుడూ ఒకేవైపు పోయే కొమ్మను ప్రాసెసర్ ముందుగానే ఊహించి దాదాపు ఉచితంగా దాటేస్తుంది, సీమూవ్ మాత్రం రెండు విలువలూ సిద్ధమయ్యేదాకా ఆగవలసిందే. కొమ్మ ఎటు పోతుందో ఊహకు అందని చోట, రెండు వైపులా చిన్న లెక్కలే ఉన్నప్పుడు వాడు. అది కూడా వేగం కొలిచి చూశాకే.

వేలాడే ఎల్స్ గురించి అడిగావు, అంటే ఒకదానిలో ఒకటి ఉన్న రెండు ఇఫ్‌ల తర్వాత వచ్చే ‘లేకపోతే’ కొమ్మ దేనిదన్న ప్రశ్న. ఆల్గాల్ 60 భాషలో దెన్ (‘అయితే’) తర్వాత మరో ఇఫ్‌ను నేరుగా రాయనివ్వకుండా ఆ తగువును తప్పించారు. సీలో ఎల్స్ అన్నిటికంటే దగ్గరి ఇఫ్‌కు చెందుతుంది. భాష వ్యాకరణం నుంచి దాన్ని చదివే కోడ్‌ను తయారుచేసే యాక్ నీకు చూపించిన షిఫ్ట్-రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్ (తర్వాతి పదాన్ని చేర్చుకోవాలా, ఉన్నదాన్ని ముగించాలా అన్న తగువు) అదే. అది మామూలుగా షిఫ్ట్‌నే ఎంచుకుంటుంది, నీకు కావలసిందీ అదే కనుక దాన్ని వదిలెయ్. మన తెలుగులో ‘వస్తే’ అన్నాక రెండో కొమ్మ ‘రాకపోతే’ అంటూ తన షరతును తానే మళ్ళీ చెప్పుకుంటుంది, కాబట్టి అది ఎవరిదన్న ప్రశ్న పెద్దగా రాదు.

జంప్ పొడవుల లెక్క మాత్రం నెత్తిన వేసుకోకు. షరతు జంప్‌కు గమ్యం 127 బైట్ల లోపుంటే రెండు బైట్లు, దూరమైతే ఆరు బైట్లు. ఆ ఎంపిక అసెంబ్లీని యంత్రభాషగా మార్చే అసెంబ్లరే చేస్తుంది. ముందుగా లేబుళ్ళ ఫంక్షన్ రాసి, పాత పరీక్షలన్నీ నెగ్గాక, ఆరు పోలికలకూ ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి, రెండువైపులా ఒకసారి నాన్ పెట్టి పద్దెనిమిది పరీక్షలు చేర్చు. ‘సమానం కాదు’ తప్ప అన్నీ అబద్ధమే కావాలి. వాటినే ‘నాట్’ లోపల పెట్టి మళ్ళీ నడిపి, ఆ కొత్త అసెంబ్లీ ఫైలును నాకు పంపు. పెన్సిలు చెక్కి ఉంచుతాను.

మీ మావయ్య