కుర్చీలో కూర్చుని కోలాటం

ప్రశ్న: మా అమ్మగారికి 74 ఏళ్లు. మోకాళ్ల అరుగుదల వల్ల నడక బాగా తగ్గిపోయింది. బీపీ మాత్రలు వాడుతున్నారు; లేచి నిలబడినప్పుడు ఒక్కోసారి కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. పాటలంటే ప్రాణం కనుక, పాటలు పెట్టి ఇంట్లోనే తేలికపాటి వ్యాయామం చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తప్పక చేయించవచ్చు. అయితే ముందు కళ్లు తిరగడం సంగతి తేల్చుకోవాలి. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాలలోపు మరొకసారి బీపీ చూడండి; పై అంకె 20 గానీ అంతకు మించి గానీ పడిపోతే డాక్టరుగారికి చెప్పండి, మాత్రలు మాత్రం మీ అంతట మీరు తగ్గించవద్దు. అప్పటిదాకా వ్యాయామమంతా కూర్చునే చేయాలి.

ప్లాస్టిక్ కుర్చీ నున్నటి గచ్చు మీద జారుతుంది కనుక, బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించి వేయండి. పాదాలు నేలకు అందకపోతే కింద కదలని పీట ఒకటి పెట్టి, చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా కాస్త పైకి దోపుకోమనండి.

ఇక పాట. హుషారు వస్తుందని పిల్లలు వేగమైన సినిమా పాటలు పెడుతుంటారు గానీ, మోకాలు డప్పుతో పందెం వేయలేదు. మనిషి కదలికను చూసి పాటను ఎంచుకోవాలి. విలంబంగా, అంటే నెమ్మదిగా, సాగే ఆదితాళపు కీర్తన చక్కగా సరిపోతుంది: తాళంలోని ఎనిమిది అక్షరాలలో (లెక్కలలో) మొదటి నాలుగింటికి మడమలు ఎత్తి, తక్కిన నాలుగింటికి దించాలి. తరువాత ఒక కాలు నెమ్మదిగా ముందుకు చాచి, నాలుగు లెక్కపెట్టేదాకా నిలిపి, దించి, రెండో కాలు చాచాలి. చేతులకు కోలాటం కర్రలు ఇవ్వండి; ఎదురుగా ఒక దెబ్బ, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. భుజం నొప్పి ఉంటే కర్రలు తల పైకి లేపవద్దు.

ఆమె పాటతో పాటు పాడగలిగితే శ్రమ తేలికగా ఉన్నట్టు, మాట్లాడగలిగి పాడలేకపోతే మధ్యస్థంగా ఉన్నట్టు. మొదటి వారాలలో పాడుతూనే చేయనివ్వండి, ఊపిరి బిగబట్టకుండా కూడా ఉంటారు. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కనుక చేతి గడియారం చూపే అంకెను నమ్ముకోవద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, తల తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి, డాక్టరుకు చూపించాలి.

రోజుకు ఒక పాటతో మొదలుపెట్టి, వారం గడిచాక రెండో పాట కలపండి. మన బెజవాడ ఎండల్లో పొద్దున్నే ముగించడం మేలు. మోకాలు వాచిన రోజున కాళ్లకు సెలవిచ్చి, కర్రలు మాత్రం ఆడించమనండి.